కొండమేక వేటకు ఏ తుపాకి?

ఫాల్గుణ మాసములో ఒకనాటి ఉదయము, కచేరికి బయలుదేరుచు చెప్పులు తొడుగుకొను వేళకు, మా మేనల్లుని వద్దనుండి ఫోనులో ఒక సందేశము వచ్చినది. అతడు న్యూజీలాండు దేశములోని క్రైస్ట్‌చర్చి పట్టణమున ఏడేండ్లుగా ఉద్యోగము చేయుచున్నాడు. "మామయ్యా! జూన్ నెలలో ఆఫీసు స్నేహితులతో కొండమేకల వేటకు పోదామనుకుంటున్నాను. లైసెన్సు చేతికొచ్చింది. రైఫిలు కొనాలి. ఇక్కడ అంగట్లో .300 మాగ్నం తీసుకోమంటున్నారు. నువ్వేమంటావు?" అని అందులో ఉన్నది.

బీదరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పిల్లలు విదేశములకు పోని ఇల్లు ఇప్పుడు అరుదు. ఆ పిల్లలు అక్కడినుండి అడుగు ప్రశ్నలు సాధారణముగా చింతకాయ తొక్కు గురించియో, ఇంటిస్థలము కాగితముల గురించియో ఉండును. తుపాకి గురించి అడిగినవాడు బహుశా వీడొక్కడే. అందుచేత నేను విచారించి అతనికి చెప్పిన సంగతులు మన పత్రిక చదువరులకు కొంత వింతగాను, కొంత ఉపయోగముగాను ఉండునని తలచి వ్రాయుచున్నాను.

నన్నే ఏల అడిగినాడనగా, నేను ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కి గుమాస్తాగా చేరినవాడను; అందులో పదకొండేండ్లు ఆయుధముల లైసెన్సు రిజిస్టరు నా బల్లమీద ఉండెను. పంట కాపలాకై ఇచ్చిన ఒంటిగొట్టపు తుపాకులు, పన్నెండు బోరు జంటగొట్టములు, ఈశాపూరు కార్ఖానాలో తయారైన .315 రైఫిళ్ళు, వీని నంబర్లు, తూటాల లెక్కలు, ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఠాణాలో జమ చేయించు నోటీసులు, అన్నియు నా చేతిమీదుగానే నడిచినవి. కచేరిలో కన్నడము, కాగితములో ఇంగ్లీషు, ఇంటికి వచ్చిన తరువాత తెలుగు. పాఠశాలలో ఎన్.సి.సి.లో ఉన్నప్పుడు .22 రైఫిలుతో ఇరువదియైదు గజముల దూరమున అట్టకు గురిపెట్టి కాల్చితిని. అంతకుమించి తుపాకి పట్టినవాడను కాను. ఏ జీవిపైనను గుండు వేసినవాడను కాను. ఈ సంగతి ముందే ఒప్పుకొనుట మంచిది.

సందేశము చదివి మొదట మా అక్కకు ఫోను చేసితిని. ఆమె జహీరాబాదులో ఉండును. 1956 నవంబరులో రాష్ట్రములను విడదీసినప్పుడు బీదరు మైసూరు వైపునకు, జహీరాబాదు ఆంధ్రప్రదేశ్ వైపునకు పోయినందున మా చుట్టరికములు గట్టుకు ఆవల సగము, ఈవల సగము పడినవి. ఆమెకు కొడుకు ముందే చెప్పియున్నాడు. "ఆదివారం ఆదివారం అంగట్లో కోసింది తెచ్చుకొని తినేవాళ్ళం. వేట పాపమని వాడికి ఏ నోటితో చెప్పను? కాని తమ్ముడూ, ఆ మూగజీవి కొండల్లో పడి తీసుకొని తీసుకొని చావకూడదు. అది మాత్రం నువ్వు చూడు" అన్నది.

ఆమె మాటలో మా తాతగారి సంగతి దాగియున్నది. అది మా ఇంటిలో అందరికి తెలిసినదే. ఆ రోజులలో, అనగా 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రాకముందు, బీదరు చుట్టు నల్లరేగడి చేలలో ఇర్రులు మందలుగా తిరిగెడివి. మా తాతగారి స్నేహితుడొకడు శికారు మోజు గలవాడు. ఒకనాడు తాతగారిని వెంట తీసుకొనిపోయి, పులికి పనికివచ్చునంతటి బరువైన రైఫిలు చేతికిచ్చి, దూరముగా నిలిచిన నల్లయిర్రిని చూపినాడు. తాతగారు అదివరకు ఆ తుపాకి పేల్చి ఎరుగరు. ఒకసారి పేల్చి, భుజము వాచి, రెండవసారి మీట నొక్కునప్పుడు తెలియకుండగనే కన్ను మూసినారట. గుండు గుండెకు తగులక కడుపునకు తగిలినది. ఇర్రి జొన్నచేనిలో దూరి మాయమైనది. చీకటి పడువరకు, తరువాత లాంతరు పట్టుకొని, ఇద్దరును వెదకినారు. మూడవనాడు గద్దలు తిరుగుట చూచి కనుగొన్నారు. తాతగారు మరల తుపాకి ముట్టలేదు. ఆయన మాతో చెప్పెడిది ఇంతే: "తుపాకి నాది కాదు, ఆ దూరం నాది కాదు, తప్పు మాత్రం నాదే."

ఈ కథ మనసులో పెట్టుకొనియే నేను మేనల్లుని ప్రశ్నకు జవాబు వెదకితిని.

ఇక అతడు వేటాడబోవు జంతువు సంగతి. దానిని అక్కడ తార్ అందురు. అది న్యూజీలాండు జంతువు కాదు, మన హిమాలయముల కొండమేక. న్యూజీలాండులో గబ్బిలములు తప్ప భూమిపై తిరుగు పాలిచ్చు జంతువులు పుట్టుకతో లేవు. ఇంగ్లాండులో బెడ్‌ఫర్డు ప్రభువు తన వోబర్న్ తోటలో పెంచుచున్న తార్‌లను కొన్నిటిని ఆ దేశమునకు కానుకగా పంపగా, 1904లో మౌంట్ కుక్ పర్వతము దాపున విడిచిరి. వేటకాండ్రకు వినోదము, దేశమునకు యాత్రికుల రాబడి అని వారి తలంపు. హిమాలయములలో మంచుచిరుత దానిని అదుపులో ఉంచును. అక్కడ అట్టి జంతువే లేదు. పదులు వందలై, వందలు వేలై, కొండచరియలమీది గడ్డి గుబుళ్ళను, మరెక్కడను పెరుగని పూలమొక్కలను మేసివేయసాగినవి. 1930 నాటికే వానికున్న రక్షణ తీసివేసిరి. 1993లో ప్రభుత్వము ఒక ప్రణాళిక చేసి మొత్తము 10,000 కంటె ఎక్కువ ఉండరాదని నిర్ణయించినది. హెలికాప్టరులనుండి కాల్చి తగ్గించుట కూడ కలదు. వేటకాండ్రు పోయి కొన్నిటిని కొట్టి మాంసము తెచ్చుకొనుట అక్కడి ప్రభుత్వమునకు సమ్మతమే. ప్రభుత్వ భూములలో వేటకు అనుమతి కాగితము ఉచితముగా ఇత్తురు.

అదే జంతువు మన దేశములో చట్టము యొక్క మొదటి షెడ్యూలులో ఉన్నది. దానిమీద చేయి వేసినచో జైలే. ఒకే మేక, ఒక దేశములో కాపాడవలసినది, మరియొక దేశములో తగ్గించవలసినది. పొరపాటు మేకది కాదు, దానిని ఓడ ఎక్కించినవారిది. కాబట్టి వేట మంచిదా చెడ్డదా అను వాదమును పక్కకు పెట్టి, వేటాడక తప్పని చోట ఎట్లు వేటాడవలెను అనునదే నేను విచారించితిని. ఒక హెచ్చరిక మాత్రము అతనికి ముందే చేసితిని: కొమ్ములు, తోలు ఇక్కడికి తెచ్చు ఆలోచన పెట్టుకొనవద్దని.

తుపాకి తెలియని చదువరులకు తూటా లెక్క కొంచెము చెప్పవలెను. తూటాలో నాలుగు వస్తువులు ఉండును: ఇత్తడి గూడు, దాని అడుగున నిప్పు పుట్టించు టోపి, లోపల మందు, మూతిలో గుండు. గొట్టపు లోపలి వెడల్పును బట్టి పేరు వచ్చును. .300 అనగా అంగుళములో వేయి భాగములకు 300 భాగములు అని స్థూలముగా అర్థము. .30–06 అను పేరులో 06 అనగా అమెరికా సైన్యము దానిని స్వీకరించిన 1906వ సంవత్సరము. పన్నెండు బోరు లెక్క వేరు; ఒక పౌను సీసముతో సమానముగా పన్నెండు గుండ్లు చేసినచో ఆ గుండు పట్టునంతటి గొట్టము అది. అందుకే అక్కడ అంకె పెరిగినకొద్ది గొట్టము సన్నగిల్లును.

గుండు బరువును గ్రైనులలో చెప్పుదురు. ఇది వినుటకు కొత్తగా ఉండును గాని, మన ఆడవారికి ఈ లెక్క చిరకాలముగా తెలిసినదే. పాత తులము సరిగా 180 గ్రైనులు. .30–06లో వాడు పేరుపొందిన గుండు కూడ 180 గ్రైనులే. అనగా ఆ రైఫిలు మీట నొక్కినప్పుడెల్ల ఒక తులము ఎత్తు గుండు సెకనుకు 2,700 అడుగుల వేగముతో బయటికి పోవును. .270లో వాడు 130 గ్రైనుల గుండు ముప్పాతిక తులమునకు కొంచెము తక్కువ.

ఈ .270 సంగతి కొండవేట చేయువారికి బాగుగా తెలియును. .30–06 గూటి మూతిని సన్నము చేసి విన్‌చెస్టర్ కంపెనీవారు 1925లో దీనిని తెచ్చిరి. జాక్ ఓకానర్ అను అమెరికా రచయిత కొండగొఱ్ఱెల వేటలో దీనినే వాడి, దశాబ్దములపాటు పత్రికలలో దీనిని మెచ్చుకొనుచు వ్రాసినాడు. తరువాత 1952లో .308, 1980లో 7 ఎం.ఎం.–08 రెమింగ్టన్, 2007లో 6.5 క్రీడ్‌మూర్ వచ్చినవి. ఇవి అన్నియు మధ్యతరగతి తూటాలు. వీనికి పై తరగతిలో 1962లో వచ్చిన 7 ఎం.ఎం. రెమింగ్టన్ మాగ్నం, 1963లో వచ్చిన .300 విన్‌చెస్టర్ మాగ్నం ఉన్నవి. అంగడివాడు మా వానికి చెప్పినది ఈ చివరిదే.

పెద్ద తార్ పోతు సుమారు నూరు కిలోల బరువుండును. చలికాలములో మెడచుట్టు జూలు దట్టముగా పెరిగి సింహమువలె కనిపించును. చూచినవానికి దానిని పడగొట్టుటకు ఫిరంగి కావలెనని తోచును. కాని లెక్క అట్లు లేదు. ఈ పరిమాణముగల జంతువునకు గుండు తగులుచోట 1,000 అడుగు–పౌనుల శక్తి ఉన్న చాలునని పాత వేటకాండ్ర వాడుక లెక్క. .270, .308, 7 ఎం.ఎం.–08, ఈ మూడును 400 గజముల వద్ద కూడ అంతకుమించియే ఉండును. అనగా శక్తికి కొరత లేదు. మాగ్నం వలన వచ్చునది ఆ దూరమునకు మించిన దూరము. ఆ దూరము కొత్తవానికి అక్కరలేనిది.

శక్తి ఊరకనే రాదు. ముందుకు పోయినదానికి తగినంత వెనుకకు తన్నును. ఎనిమిది పౌనుల రైఫిలులో 7 ఎం.ఎం.–08 తన్ను సుమారు 12, 13 అడుగు–పౌనులు; .270 తన్ను సుమారు 17; .30–06 తన్ను 20; .300 మాగ్నం తన్ను 27 లేక ఆ పైన. అనగా మొదటిదానికి చివరిది రెట్టింపునకు పై మాట. ఇంకొక మెలిక: కొండ ఎక్కువాడు తేలిక రైఫిలు కోరును, రైఫిలు తేలికైనకొద్ది తన్ను పెరుగును. కాబట్టి కొండవేటకు ఎవరైతే తేలిక మాగ్నం కొందురో వారే అన్నిటికంటె గట్టి దెబ్బ తిందురు. దెబ్బకు భయపడిన భుజము మీట నొక్కుటకు ముందే బిగుసుకొనును, కన్ను మూతపడును. మా తాతగారికి జరిగినది ఇదియే. మా మేనల్లుడు బక్కపలుచని మనిషి. లైసెన్సు పరీక్షకు ముందు తుపాకి పట్టి ఎరుగడు.

పెద్ద వేటకాండ్ర అనుభవము కూడ ఈ వైపే చూపును. కుమాయూను కొండలలో చంపావతి ఆడపులిని 1907లో కొట్టినందుకు జిమ్ కార్బెట్‌కు బహుమతిగా ఇచ్చినది .275 రిగ్బీ, అది 7 ఎం.ఎం. తూటా రైఫిలు. ఆయనకు భారీ జంటగొట్టపు రైఫిలు కూడ ఉండెను గాని, ఈ చిన్నదానిని కొండలలో ఎన్నో ఏండ్లు మోసినాడు. అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు, చామల అడవులను గురించి వ్రాసిన బెంగుళూరు కెన్నెత్ ఆండర్సన్ .405 విన్‌చెస్టర్ అను ఒకే పాత రైఫిలును చిరకాలము నమ్ముకొన్నాడు. అది కొండవేటకు తగినది కాదు. దాని గుండు బరువు, నడక నెమ్మది. కాని తన తుపాకి తన చేతికి ఎంత దూరమువరకు తెలియునో ఆయనకు తెలియును. చూడవలసినది ఆ తెలివి.

నేను మేనల్లునికి వ్రాసినది ఇది: "నాయనా, రైఫిలు పేరు ముందు నిర్ణయించవద్దు. నీ దూరము ముందు నిర్ణయించుకో. ఎనిమిది అంగుళముల పళ్ళెమంత కాగితము కట్టుము. తార్ గుండె, ఊపిరితిత్తులు కలిసి ఉన్న చోటు సుమారు అంత. బల్లమీద ఆనించి కాదు, నేలమీద పడుకొని, వీపుసంచి మీద ఆనించి, అయిదు గుండ్లు వేయుము. కొండ ఎక్కినవానివలె ముందు నూరు అడుగులు పరుగెత్తి వచ్చి వేయుము. అయిదును పళ్ళెములో పడిన దూరమే నీది. నాలుగు పడి ఒకటి తప్పినచో ఆ దూరము నీది కాదు. ఆ తప్పినది మీ తాతగారి ఇర్రి. స్నేహితుల రైఫిళ్ళు రెండు మూడు అడిగి తీసుకొని ఇట్లే చూడుము. ఏది ఎక్కువ దూరమువరకు అయిదును పళ్ళెములో వేయునో అది కొనుము."

అంకెలు కూడ కొన్ని వ్రాసితిని. 7 ఎం.ఎం.–08లో 140 గ్రైనుల గుండుకు 200 గజముల వద్ద సరిగా తగులునట్లు నిశానీ సరిచేసినచో, 300 గజముల వద్ద సుమారు ఎనిమిది అంగుళములు, 400 వద్ద రెండడుగులకు కొంచెము తక్కువ కిందికి దిగును. గంటకు పది మైళ్ళ అడ్డగాలి 300 గజముల వద్ద దానిని ఏడెనిమిది అంగుళములు పక్కకు నెట్టును. అనగా 300 దాటిన తరువాత దూరమును, గాలిని రెంటిని సరిగా కట్టలేనివాడు గుడ్డిగా వేసినట్లే.

కొండలో ఇంకొక చిక్కు కలదు. పైకి కాల్చినను కిందికి కాల్చినను గుండు అనుకొన్నదానికంటె పైన తగులును. నాకు ఇది మొదట అర్థము కాలేదు. తరువాత నిచ్చెనను తలచుకొంటిని. గోడకు చేరవేసిన నిచ్చెన పొడవు ఒకటి, నిచ్చెన అడుగునుండి గోడవరకు నేలమీద ఉన్న దూరము మరియొకటి. భూమి గుండును కిందికి లాగునది ఆ నేలదూరమును బట్టియే. 300 గజముల పొడవున 30 డిగ్రీల వాలులో కాల్చినచో 260 గజములకు కాల్చినట్లే చూచుకొనవలెను; 45 డిగ్రీలైనచో 212కే. దూరము కొలుచు యంత్రములలో ఈ లెక్క చేసి చూపునవి ఇప్పుడు దొరకును. యంత్రము చల్లబడి ఆగిపోయినప్పటికి నిచ్చెన జ్ఞాపకముండవలెనని వ్రాసితిని.

తూటా అంగడిలో సులభముగా దొరకునదై ఉండవలెను. నాలుగు పెట్టెలు కొని సాధన చేయలేని తూటా ఎంత గొప్పదైనను అక్కరకు రాదు. గుండు జంతువులో విచ్చుకొను జాతిది కావలెను. సైన్యము వాడు గట్టి తొడుగు గుండు సన్నని రంధ్రము చేసి దూరిపోవును, జీవి బహుదూరము పోయి చచ్చును. రైఫిలు దుర్బిణితో, పట్టెడతో కలిసి ఏడున్నర, ఎనిమిది పౌనులకు మించకుండుట మేలు. అంతకు బాగా తగ్గించుటయు మేలు కాదు. దుర్బిణి మూడునుండి తొమ్మిది రెట్లు చూపునది చాలును. గొట్టము చివర చప్పుడు తగ్గించు గొట్టమును బిగించుకొనుట అక్కడ చట్టసమ్మతము, సర్వసాధారణము. దాని వలన తన్ను కూడ తగ్గును. మన దేశములో అట్టిది తలచుటకే వీలులేదు. అసలు మన చట్టములే వేరు: .303 సైన్యపు తూటా అగుటచేత సామాన్యులకు నిషిద్ధమైనది, ఈశాపూరు.315 మన రిజిస్టర్లలో అంతగా కనబడుటకు అదియే కారణము. ఆ .303తోనే న్యూజీలాండు ప్రభుత్వపు వేటకాండ్రు ఒకప్పుడు వేలకొలది జింకలను కొట్టినారు. కాబట్టి ఇక్కడి మాట అక్కడ, అక్కడి మాట ఇక్కడ చెల్లదు. 2019 మార్చిలో క్రైస్ట్‌చర్చి మసీదులలో ఘోరము జరిగిన తరువాత ఆ దేశమువారు వరుసగా పేలు తుపాకులను చాలవరకు నిషేధించినారు. 2023నుండి ప్రతి తుపాకిని రిజిస్టరులో వ్రాయించు ఏర్పాటు వచ్చినది. గుమాస్తాగా నాకు ఆ వార్త తృప్తినిచ్చినది. చేతితో బోల్టు లాగు రైఫిలే కొండవేటకు చాలును. మొదటి గుండు సరిగా పడినచో రెండవదానికి తొందర ఉండదు.

చివరకు రెండు మాటలు. వారి నియమములలో మొదటిది, ప్రతి తుపాకిని నిండియున్నదనియే భావించవలెను. నాలుగవది, గురి ఏమిటో ఏ సందేహము లేకుండ గుర్తించిన తరువాతనే మీట ముట్టవలెను. పొదలో కదలినది తార్ కావచ్చును, తోటి మనిషి కావచ్చును. వీనికి నేను ఒకటి చేర్చితిని. కొట్టిన తరువాత ఎక్కడ పడునో ముందే చూడవలెను. కొండ అంచున నిలిచిన పోతు దొర్లి లోయలో పడినచో మాంసము దక్కదు, బ్రదికియున్నదో చచ్చినదో తెలియదు. దిగి పోలేని చోట ఉన్నదానిమీద గుండు వేయరాదు.

పదునైదు దినములకు జవాబు వచ్చినది. స్నేహితుని .300 మాగ్నంతో 200 గజముల వద్ద అయిదింట రెండు పళ్ళెము బయట పడినవట. మూడవ గుండు నాటికే కన్ను మూతపడుచున్నట్లు తనకే తెలిసినదట. మరియొకరి 7 ఎం.ఎం.–08తో అయిదును లోపల పడినవట. దానినే కొన్నాడు. ఆపైన ప్రతి శనివారము సాధన చేసి, మే నెల చివరకు "నా దూరం 250 గజాలు మామయ్యా" అని వ్రాసినాడు. అంగడివాడు నవ్వెనట. నవ్వనిమ్మంటిని.

జూన్ నెలలో పోయినారు. క్రైస్ట్‌చర్చినుండి మౌంట్ కుక్ సుమారు 330 కిలోమీటర్లు. అక్కడికి అది నడి చలికాలము, తార్ పోతులు ఆడమందలను వెదకుచు బయట తిరుగు కాలము. మొదటి దినమున ఎదుటి చరియమీద పెద్ద పోతు కనిపించినది. యంత్రము 410 గజములు చూపినది. తోటివారు వేయుమన్నారు. మా వాడు గంటసేపు దుర్బిణిలో చూచుచు పడుకొని, అది వంపు దాటి పోయిన తరువాత లేచినాడు. రెండవ దినము మంచు కురియుట చేత గుడిసె కదలలేదు. మూడవ దినము మధ్యాహ్నము, వాగు పక్కనుండి మెల్లగా ఎక్కి, 180 గజముల దూరమున ఒక నడివయస్సు పోతు చదునైన చోట మేయుచుండగా, ముందుకాలి వెనుక గురిపెట్టి ఒక గుండు వేసినాడు. నాలుగడుగులు వేసి పడినది.

ఆ రాత్రి అతడు మొదట ఫోను చేసినది నాకు కాదు, తల్లికి. ఆమె నాతో చెప్పినది. మేక ఎంత పెద్దది, మాంసము ఎంత వచ్చినది అని ఆమె అడుగలేదట. "తీసుకొన్నదా నాయనా?" అని అడిగినదట. "లేదమ్మా" అన్నాడట. తరువాత కొంతసేపు ఇద్దరును ఏమియు మాట్లాడలేదట.

మరునాడు నాకు సందేశము వచ్చినది. రైఫిలు తుడిచి ఇనుప పెట్టెలో పెట్టి తాళము వేసితినని, మాంసము నలుగురు పంచుకొన్నారని, పసుపు, ఉప్పు, కారము పట్టించి తన భాగము వండితినని వ్రాసినాడు. చివర ఒక పంక్తి: "మొదటిరోజు పోతును వదిలేశాను చూడు, నాకు అదే ఎక్కువ గుర్తుంది మామయ్యా."

అది చదివి నేను తాతగారి ఫోటో వైపు చూచితిని. ఏ తుపాకి అని అతడు అడిగినప్పుడు నాకు తెలిసిన తూటాల పేర్లన్నియు చెప్పితిని గాని, అసలు జవాబు ఆయన ఏనాడో చెప్పియే ఉన్నారు: తుపాకి నీది కావలెను, దూరము నీది కావలెను. మన పిల్లలు ఏ దేశములో ఏ పనిముట్టు చేత పట్టినను పెద్దలము చెప్పవలసినది ఇంతకంటె ఎక్కువ ఉండదని తోచుచున్నది.